తాళం ఇచ్చేశాక ఏ ఊరు?

మా అమ్మకి తెలుగు చదవడం రాదు. మా నాన్నకి బెంగాలీ చదవడం రాదు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఒకే కప్పు కింద కాపురం చేస్తున్నారు, ఇద్దరూ రెండు భాషలూ తడుముకోకుండా మాట్లాడతారు. ఊరి నుంచి పెళ్లి శుభలేఖ వస్తే నాన్న పైకి చదివేవాడు, అమ్మ బియ్యం ఏరుతూ వినేది. రేషన్ షాపు గోడకి నోటీసు అంటిస్తే అమ్మ చదివొచ్చి నాన్నకి చెప్పేది. పిల్లలం మాకు అదేమీ వింతగా ఉండేది కాదు. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లలో ఇలాంటి జంటలు వీధికి రెండు మూడైనా కనబడతాయి.

అదే మా ఇంటి పెద్ద చిక్కుముడి అవుతుందని నాన్న రిటైరయ్యాకే తెలిసింది.

2025 జనవరి 31న వర్క్‌షాప్‌లో తోటివాళ్లు దండ వేశారు, శాలువా కప్పారు, గోడగడియారం చేతిలో పెట్టారు. నాన్న ఆ దండని సైకిల్ హ్యాండిల్‌కి తగిలించుకుని ఇంటికొచ్చాడు. వాడిపోయాక కూడా వారం దాకా ఎవరినీ తియ్యనివ్వలేదు. ఆ రాత్రి నుంచే రోజుల లెక్క మొదలైంది. రిటైరైన రైల్వే మనిషి క్వార్టర్లో నాలుగు నెలలు మామూలు అద్దెకి ఉండొచ్చు. అనారోగ్యమో, పిల్లల చదువో చూపిస్తే ఇంకో నాలుగు నెలలు రెట్టింపు అద్దె మీద. ఆపైన ఉంటే జరిమానా అద్దె. గ్రాట్యుటీ సొమ్ముకీ క్వార్టర్ తాళానికీ ముడి ఉంది కాబట్టి ఎవరూ అంతదాకా తెచ్చుకోరు. మా గడువు సెప్టెంబరు 30. క్యాలెండర్ తిప్పి చూసి అమ్మ, "ఆ రోజు అష్టమి కదా" అంది. దుర్గాపూజ మధ్యలో ఇల్లు ఖాళీ చెయ్యడమంటే ఇక్కడ పుట్టిన మనిషికి ఎలా ఉంటుందో ఆ ఒక్క మాటలో వినబడింది.

మా క్వార్టర్ హిజ్లీ స్టేషన్‌కి సైకిల్ దూరం. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు గురించి పుస్తకాల్లో చదివిన వాళ్లు హిజ్లీ పేరు వినుండరు. హౌరా నుంచి దక్షిణానికి పోయే బళ్లు ఖరగ్‌పూర్‌లో ఆగుతాయి. ఆద్రా, మేదినీపూర్ వైపు నుంచి వచ్చే బళ్లు కొన్ని మాత్రం ఆ పెద్ద జంక్షన్ ముఖం చూడకుండానే బైపాస్ మీదుగా హిజ్లీకొచ్చి, కాసేపు ఆగి, బాలేశ్వర్, కటక్, బరంపురం, విశాఖ దారి పడతాయి. సాయంత్రాలు నాన్న అక్కడ బెంచీ మీద కూర్చునేవాడు. "ఈ బండెక్కితే తెల్లారేసరికి మనోళ్ల మాట ఇనబడతాది" అనేవాడు. హిజ్లీ నుంచి విశాఖ దాదాపు 760 కిలోమీటర్లు. హౌరా 120లోపే. ఒకటి రాత్రి ప్రయాణం, ఇంకోటి లోకల్ బండి ప్రయాణం. మా ముందున్నవి ఆ రెండే. తమ్ముడు విశాఖలో ఉన్నాడు, చెల్లి హౌరా పక్కన సాంత్రాగాచిలో. నేను హైదరాబాద్‌లో ఉన్నాను గానీ నన్ను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. హైదరాబాద్ అంటే మా వాళ్లకి కుర్రాళ్లు ఫలక్‌నుమా ఎక్కి ఉద్యోగాలకి పోయే చోటు, అంతే. ముసలితనానికి పనికొచ్చే ఊరుగా దాన్ని ఎవరూ చూడరు.

మేం ఇక్కడికెలా వచ్చామో చెప్పకపోతే ఈ చిక్కు బయటివాళ్లకి అర్థం కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. పెద్దవాళ్లు ఇప్పటికీ బీఎన్నార్ అనే అంటారు. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో ఖరగ్‌పూర్ జంక్షనూ, వర్క్‌షాపూ లేచాయి. 1902లో విశాఖలోని వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న తూర్పు తీరపు లైను కూడా ఆ కంపెనీ చేతికి వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్లకి ఖరగ్‌పూర్ పొరుగూరైపోయింది. ఒక పంట పండితే రెండో పంటకి ఆకాశం కేసి చూసే పల్లెలవి. కొందరు ఓడెక్కి రంగం, అంటే బర్మా, పోయారు, కొందరు కలకత్తా చుట్టుపక్కల జూట్ మిల్లులకి పోయారు, కొందరు ఇక్కడ దిగారు. అన్న వస్తే బావమరిది వచ్చాడు, బావమరిది వెనకాల ఊళ్లో సగం వీధి వచ్చింది. 1927లో ఈ వర్క్‌షాప్ కార్మికులు సమ్మె కట్టినప్పుడు వాళ్ల నాయకుల్లో మన వి.వి.గిరి ఉన్నాడు. ఆయన బరంపురంలో పుట్టిన మనిషి, ఆ తరువాత 1969లో రాష్ట్రపతి అయ్యాడు.

విశాఖని పెద్ద ఊరు చేసింది కూడా ఆ కంపెనీయే. రాయపూర్ నుంచి పార్వతీపురం మీదుగా విజయనగరానికి లైను 1931కి పూర్తయింది. 1933లో విశాఖ రేవు తెరిచారు. ఆ రేవు కట్టుబడి బాధ్యత బీఎన్నార్‌దే. కలకత్తాకో బొంబాయికో పోవాల్సిన నడిమి దేశపు మాంగనీసు విశాఖకి మళ్లింది. విశాఖ, కలకత్తా రేవులకి పోటీ అప్పుడే మొదలైంది. ఆ పోటీని నడిపించిన ఆఫీసు మాత్రం కలకత్తా గార్డెన్ రీచ్‌లో, హుగ్లీ ఒడ్డున ఉండేది. చెన్నై, కలకత్తాల మధ్య నడిచే 16వ నంబరు జాతీయ రహదారి కూడా విశాఖని, మా ఖరగ్‌పూర్‌నీ తాకుతూనే పోతుంది. ఎటు చూసినా ఈ రెండు ఊళ్లూ ఒకే తాడుకి రెండు కొసలు, మేం నడుమన ఉన్న ముడి.

ఆ తాడు మా కళ్లముందే తెగింది. 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే ఏర్పడినప్పుడు ఖరగ్‌పూర్, వాల్తేరు రెండూ అందులోవే, రెండింటికీ గార్డెన్ రీచే పెద్దిల్లు. 2003 ఏప్రిల్ 1న భువనేశ్వర్ కేంద్రంగా తూర్పు తీర రైల్వే మొదలైంది. వాల్తేరు డివిజన్ అటు పోయింది, ఖరగ్‌పూర్ ఇటు ఉండిపోయింది. పేపర్లో అది ఒక రోజు వార్త. మా వీధిలో ఇళ్లకి ఇళ్లు తలకిందులైన సంగతి. అప్పటిదాకా "ఆఖరి పదేళ్లు వాల్తేరు బదిలీ చేయించుకుందాం" అని నలభయ్యో ఏట నుంచే అనుకునే వాళ్లు ఉండేవారు. ఆ తరువాత అది వేరే జోన్ అయిపోయింది. కోరి వెళ్తే సీనియారిటీ అట్టడుగుకి పోతుంది. లేదంటే అటు నుంచి ఇటు రావాలనుకునే సరిసమానమైన మనిషిని వెతికి పట్టుకుని మ్యూచువల్ రాసుకోవాలి. నాన్న ఆరేళ్లు అలాంటి మనిషి కోసం వెతికాడు. వాల్తేరు వదిలి ఖరగ్‌పూర్ వస్తానన్న ఫిట్టర్ ఒక్కడూ దొరకలేదు. చివరికి విశాఖ కేంద్రంగానే దక్షిణ కోస్తా జోన్ అన్నారు. 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, 2025 జనవరి 8న కార్యాలయానికి శంకుస్థాపన చేశారు. మంచిదే. నాన్నకి మాత్రం ఆ కబురు రిటైర్మెంటుకి మూడు వారాల ముందు అందింది.

అందుకే నేను మొదటి నుంచీ విశాఖ పక్షం. నలభై ఏళ్లు వాయిదా పడిన మనిషికి కనీసం ఇప్పుడైనా ఆ ఊరు దక్కాలని నా పట్టుదల. తమ్ముడిదీ అదే మాట. "అప్పా, మర్రిపాలెంలో, కంచరపాలెంలో ఏ వీధి తిరిగినా ఖర్గపూర్ నుంచొచ్చినోళ్లు తగుల్తారు. నాన్నకి కాలక్షేపానికి లోటేటి?" నిజమే. పాత రైల్వే కుటుంబాలు తాటిచెట్లపాలెం నుంచి గోపాలపట్నం దాకా పరుచుకుని ఉన్నాయి. మా పక్క క్వార్టర్ గార్డు గారు 2016లోనే గోపాలపట్నంలో ఇల్లు కొనుక్కున్నారు. సింహాచలం కొండ కనబడుతుంది, ఇంకేం కావాలి అనేవారు. 2020 మే 7 తెల్లవారుజామున పక్కనే ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకైనప్పుడు భార్యని స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని ఎటు పోతున్నారో తెలియకుండా పోయారు. ఇప్పటికీ అక్కడే ఉంటున్నారు. "ఊరు మంచిది. ఏ ఊరైనా ఒక రాత్రి ఉంటాది" అన్నారు నాతో. తుపాను సంగతి అడిగితే రెండు ఊళ్లూ ఒకటే. విశాఖకి 2014 హుద్‌హుద్, కలకత్తాకి 2020 అంఫన్.

చెల్లి ఎక్కువ మాట్లాడదు. "గార్డెన్ రీచ్ సెంట్రల్ హాస్పిటల్ ఉంది. ఖర్గపూర్ లోకల్ రెండు గంటలు. అమ్మకి తోచకపోతే పొద్దున బయల్దేరి తన చెల్లెళ్లని చూసి రాత్రికి వచ్చెయ్యొచ్చు" అంది. ఆ చివరి వాక్యం ఎంత బరువైనదో అప్పుడు నాకు తెలియలేదు.

ఉగాదికి ఇద్దరినీ విశాఖ తీసుకెళ్లాం, మూడు వారాలు ఉందామని. నేనూ సెలవు పెట్టుకుని వెళ్లాను. నాన్నని ఆ మూడు వారాల్లో చూడాలి. పొద్దున్నే లుంగీ మీద చొక్కా వేసుకుని టీ కొట్టుకి పోయి, పేపరు మొదటి పేజీ నుంచి శ్రద్ధాంజలి ప్రకటనల దాకా చదివేసి పదింటికి వచ్చేవాడు. ఎక్కడా ఆగి ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. దుకాణం పేరు, డాక్టరు బోర్డు, గోడ మీద సినిమా పోస్టరు, అన్నీ ఆయనతో మాట్లాడుతున్నాయి. పంతొమ్మిదేళ్లకి ఆమదాలవలసలో రైలెక్కిన కుర్రాడు తిరిగొచ్చినట్టే ఉండేది.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం అమ్మా నేనూ మద్దిలపాలెం బస్టాపులో నిలబడ్డాం. గాజువాక పోవాలి. నాకు ఫోన్ వచ్చి పక్కకి జరిగాను. బస్సు వచ్చింది. అమ్మ పక్కనున్న కాలేజీ పిల్లని, "ఈ బస్సు ఎక్కడికెళ్తాది తల్లీ?" అని అడిగింది. ఆ పిల్ల చెడ్డగా ఏమీ అనలేదు. బోర్డు వైపు చూపించి, "రాసుంది కదా ఆంటీ" అంది. అంతే. అమ్మ బోర్డు వైపు తలెత్తి, చదువుతున్నదానిలా పెదాలు కదిపి, "ఓహో, ఇది కాదులే" అని వెనక్కి జరిగింది. అది మా బస్సే. నేను వచ్చేసరికి వెళ్లిపోయింది. అమ్మ ఆ సంగతి నాకు చెప్పలేదు. రాత్రి తమ్ముడి కూతురు తెలుగు వాచకం తెచ్చి, "నానమ్మా, ఈ పాఠం చదివి చెప్పు" అని ఒళ్లో కూర్చున్నప్పుడు, "కళ్లజోడు లేదమ్మా" అంది. కళ్లజోడు నెత్తి మీదే ఉంది. అప్పుడు అడిగితే మధ్యాహ్నం మాట బయటికొచ్చింది.

అమ్మ చదువురాని మనిషి కాదు. ఖరగ్‌పూర్‌లో పుట్టింది, బెంగాలీ మీడియంలో పది దాకా చదివింది. శరత్ నవలలు బెంగాలీలోనే రెండు మూడుసార్లు చదివింది, తెలుగువాళ్లంతా తెలుగులో చదువుకున్న శరత్‌ని. ఆమె చిన్నప్పుడు తాతయ్య ఏ బడి దగ్గరుంటే ఆ బడిలో వేశాడు, అంతే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకి అధికార భాషల్లో చోటివ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా వచ్చిన మాట అది. మా అమ్మ బడిలో చేరిన ఏడాదికి లెక్క వేసుకుంటే యాభై ఏళ్లు ఆలస్యం.

నాన్నకి అదే కష్టం కలకత్తాలో లేదా? ఉంది. ఆషాఢంలో సాంత్రాగాచి వెళ్లి నెల ఉన్నారు. వానకి వీధుల్లో మోకాలి లోతు నీళ్లు. 2024లో హుగ్లీ కింద నుంచి మెట్రో తెరిచారు కదా, హౌరా నుంచి ధర్మతలా చూసొద్దామని నాన్న ఒక్కడే బయల్దేరాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సు బోర్డు తెలియక స్టాండులో ఒకాయన్ని అడిగాడు. ఆయన బోర్డు చదివి చెప్పి, కండక్టరుకి అప్పజెప్పి, "దాదా ఎక్కడివారు?" అని ఆప్యాయంగా అడిగాడట. నాన్న ఇంటికొచ్చి ఆ కథంతా నవ్వుతూ చెప్పాడు. అమ్మ నవ్వలేదు. నాన్నకేసి అలా చూస్తూ ఉండిపోయింది.

నాకు అప్పుడు బోధపడింది. పరాయి భాష చదవలేకపోతే ఇబ్బంది. సొంత భాష చదవలేకపోతే అవమానం. కలకత్తాలో నాన్నని చూసి 'దక్షిణాది మనిషి, ఎలా తెలుస్తుంది పాపం' అనుకుంటారు. విశాఖలో అమ్మ నోరు విప్పితే శుభ్రమైన తెలుగు. ఆ నోటికి అక్షరం రాదంటే ఎవరైనా ఒక్కటే అనుకుంటారు. ప్రతి బస్టాపులో, ప్రతి మందుల షాపులో ఆమె నటించాలి. అరవై దగ్గర పడ్డ మనిషిని మిగిలిన జీవితమంతా కళ్లజోడు వెతుక్కోమని చెప్పే హక్కు నాకెక్కడిది? నేను నాన్న నలభై ఏళ్ల కోరిక చూశాను గానీ అమ్మ పెదాలు కదలడం చూడలేదు.

రెండు ఊళ్లను పక్కపక్కన పెట్టి తూచే పద్ధతి మనందరికీ అలవాటే. ఫ్లాటు చదరపు అడుగు ఎంత, నీళ్లొస్తాయా, ఆసుపత్రి ఎంత దూరం, ఎండ ఎలా ఉంటుంది. మేమూ అవన్నీ తూచాం. కాగితం మీద విశాఖ గెలిచింది. సముద్రం గాలి ఉంది, చుట్టాలున్నారు, గుడి ఉంది, కలకత్తా రద్దీ లేదు. 2011 లెక్కల్లో కలకత్తా నగరం ఒక్కటే 45 లక్షలు, విశాఖ 17 లక్షల చిల్లర. ఇవన్నీ నిజమే, నేను ఇప్పటికీ కాదనను. కానీ ఆ కాగితం నింపింది మేము పిల్లలం. ఆ ఊళ్లో పొద్దున లేచి పాలప్యాకెట్టుకి వెళ్లాల్సిన మనుషులు పక్కన కూర్చుని వింటున్నారు. ఖరగ్‌పూర్‌లో రిటైరవుతున్న ప్రతి ఇంట్లోనూ ఇదే జరుగుతోంది. ఎనిమిది నెలల గడువు నెత్తి మీద ఉంటుంది కాబట్టి డబ్బు పెట్టగల కొడుకు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరే ఖాయమవుతుంది. మా అమ్మలా నోరు మెదపని ఆడవాళ్లు సామాన్లతో పాటు వెళ్లిపోతారు. నాకు దీనిమీద కోపం ఉంది, నా మీద కూడా.

ఎక్కడికీ పోకుండా హిజ్లీలోనే ఉండొచ్చు కదా అని చాలామంది అన్నారు. తాల్‌బాగిచా, ప్రేమ్‌బజార్ వైపు ఇళ్లు కట్టుకుని ఉండిపోయిన తెలుగువాళ్లు ఉన్నారు. పెద్ద ఊరు వదిలి హిజ్లీని ఎంచుకున్న చరిత్ర కూడా ఈ నేలకి ఉంది. దేశంలో మొదటి ఐఐటీ 1950 మేలో కలకత్తా ఎస్ప్లనేడ్‌లో ఒక భవనంలో మొదలై, ఆ సెప్టెంబరుకే హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలోకి మారింది. 1931 సెప్టెంబరు 16న పోలీసులు కాల్పులు జరిపి ఇద్దరు ఖైదీలను, సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తాలను చంపిన భవనమే అది. చిన్నప్పుడు నాన్న సైకిల్ ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని ఆ గోడలు చూపించేవాడు. కానీ ముగ్గురు పిల్లలూ మూడు దిక్కుల ఉన్నప్పుడు, రాత్రి గుండెల్లో నొప్పొస్తే తలుపు కొట్టడానికి ఎవరుంటారన్న ప్రశ్న దగ్గర ఆ మాట ఆగిపోయింది.

తేల్చింది నాన్నే. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ. వర్క్‌షాప్ గేట్లు ఇంటివాళ్లకి కూడా తెరిచే రోజు. ఆ రోజు అందరం వెళ్లాం. నాన్న తన షాపులోకి తీసుకెళ్లి తను నలభై ఏళ్లు నిలబడ్డ చోటు చూపించాడు. సిమెంటు నేల మీద అరికాలి వెడల్పున రెండు చోట్ల నునుపు తేలి ఉంది. అవి తన కాళ్లవేనని చెప్పాడు. ఆ నునుపు మీద అమ్మ చెప్పు విడిచి నిలబడింది. బయటికొచ్చి టీ తాగుతుంటే నాన్న మామూలుగా, ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పాడు: "సాంత్రాగాచే చూడండి. మీ అమ్మ బోర్డు చదువుతాది, నేను ఎనకాల ఎక్కుతాను." తమ్ముడు ఏదో అనబోయాడు. "ఒరే, విశాఖ నాకు రాతిరి బండి. ఎప్పుడు కావలిస్తే అప్పుడొస్తాను" అన్నాడు.

అమ్మ వెంటనే ఒప్పుకోలేదు. మూడు రోజులు, "నాకోసం ఎందుకు, మీరే కదా ఇన్నాళ్లూ అనుకున్నారు" అంటూనే ఉంది. నాలుగో రోజు గిన్నెలు పాత పేపర్లలో చుట్టడం మొదలుపెట్టింది. బెంగాలీ పేపర్లు వేరుగా, నాన్న ఊరి నుంచి తెచ్చుకున్న తెలుగు పేపర్లు వేరుగా పెట్టి, తెలుగువి చింపకుండా ట్రంకు పెట్టె అడుగున పరిచింది.

అష్టమికి మూడు రోజుల ముందే, 27న తాళం అప్పజెప్పాం. సాంత్రాగాచిలో రెండో అంతస్తు. కిటికీలోంచి రైలు పట్టాలు కనబడతాయి. శీతాకాలంలో పిట్టలొచ్చే ఝీల్ నడిచి వెళ్లేంత దూరం. నాన్నకి తోడు దొరికేది గార్డెన్ రీచ్ ఆసుపత్రిలో మందుల వరుసలోనే. అక్కడ వారానికొక శ్రీకాకుళం గొంతు వినబడుతుంది. ఆ గొంతుల ఫోన్ నంబర్లు ఒక చిన్న పుస్తకంలో తెలుగులో రాసుకుంటున్నాడు. చాలదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు.

సంక్రాంతికి ఊరెళ్లాలని డిసెంబరులో పాస్ పెట్టమన్నాడు. రిటైరైన వాళ్లకీ పాసులుంటాయి, ఇప్పుడు అర్జీ ఫోన్లోనే. నేను హైదరాబాద్ నుంచి ఫోన్‌లో అడుగుతూ నింపుతున్నాను.

"ఎక్కడి నుంచి నాన్నా?"

"సాంత్రాగాచి." మొదటిసారి ఆ గడిలో ఖరగ్‌పూర్ కాని పేరు.

"ఎక్కడికి?"

"శ్రీకాకుళం రోడ్డు. కోడు సీహెచ్‌ఈ." చికాకోల్ రోజుల నాటి ఆ మూడక్షరాలు ఆయనకి ఇంటి పేరు లాంటివి. తరువాత కాస్త ఆగి, "బ్రేక్ జర్నీ పెట్టొచ్చు కదూ, దారిలో?" అన్నాడు.

"పెట్టొచ్చు. ఎక్కడ పెట్టను?"

వెనకాల వంటింట్లోంచి అమ్మ గొంతు వినబడింది. "ఖర్గపూర్ పెట్టమనండి. వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ."